కొలిమితల్లి అనుపు

బండి పోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్తాం. గొలుసు పోతే గొడవ చేస్తాం. నా దగ్గర ఏకంగా ఒక లోకం పోయింది, కొండతో, సముద్రంతో, దేవతతో సహా. ఎత్తుకుపోయినవాడు దానికి రంగుల అట్ట వేయించి, అట్ట మీద తన పేరు అచ్చు వేయించుకున్నాడు. మోహనకృష్ణ. ఆ పేరు ఇప్పుడు పలికినా నా నాలిక చేదెక్కుతుంది.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. ఆ మనిషి ఒక లోకాన్ని చెబుతారు, మిగతావాళ్ళు అందులో తలో పాత్ర అవుతారు. ఏం చేస్తారో నోటితో చెబుతారు, కుదిరిందో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. ఆ లోకాన్నే సెట్టింగ్ అంటాం. పేరుమోసిన సెట్టింగులు బోలెడున్నాయి, అన్నీ బయటి దేశాలవే. కాలేజీ రోజుల్లో వాటన్నిటినీ నమిలి మింగాను. ఎక్కడ చూసినా మంచు, కోటలు, కొండ కింద పిసినారి మరుగుజ్జులు, సత్రంలో ఓ మూల ముసుగేసుకున్న పెద్దమనిషి. వెయ్యేళ్ళ చరిత్ర రాస్తారు గానీ ఆ లోకాల్లో ఒక్కడికీ చెమట పట్టదు. విశాఖపట్నంలో మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుని ఎన్నాళ్ళని మంచులో నడుస్తాం?

అందుకని నా సొంత లోకం కట్టుకున్నాను. పేరు కొలిమిసీమ. అందులో మరుగుజ్జులు షిఫ్టుల్లో పనిచేస్తారు, సైరన్ మోగితే టిఫిన్ డబ్బాలు పట్టుకుని కొలిమి దిగుతారు. రేవు గాలికి ఎర్రధూళి లేస్తుంది, రాణిగారు ఆరేసిన చీరైనా సాయంత్రానికి ఎర్రబడాల్సిందే. రాజులకంటే యూనియన్ పెద్దలకే ఎక్కువ భయపడతారు. అదంతా నా తలలోనే ఉండేది. కూర్మన్నపాలెంలో మా డాబా మీది గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు, ప్లాస్టిక్ బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురికి నోటితో చెప్పేదాన్ని.

ఆ ముగ్గురిలో ఒకడు కామరాజు, పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఆటలో వాడిది దొంగ సన్యాసి పాత్ర, పెద్దగా నటించనవసరం లేదు. రెండోది నీలిమ, బ్యాంకులో పనిచేస్తుంది, ఆటలో చేపలమ్ముకునే మంత్రగత్తె. మూడోవాడు మోహనకృష్ణ. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. ఇతను పుట్టి పెరిగిందంతా ప్లాంట్ క్వార్టర్స్‌లోనే, మా ఊళ్ళ సంగతులు బస్సు కిటికీలోంచి చూసినంతవరకే తెలుసు. ఆటలో అతని పాత్ర వీరన్న, ఎవరూ లేని ఓ కత్తిసాము కుర్రాడు. అబద్ధం ఎందుకు, నలుగురిలో బాగా ఆడేది అతనే. వీరన్న మాట్లాడుతుంటే నేను డైస్ వేయడం మరిచిపోయేదాన్ని.

వారం వారం ఏం జరిగిందో మరిచిపోతున్నామని అతనే తన ఫోను బల్ల మధ్యలో పెట్టి రికార్డు చేసేవాడు. మంచిదే కదా అనుకున్నాం. ఆ ఫోను పక్కనే నేను మిరపకాయ బజ్జీల ప్లేటు కూడా పెట్టేదాన్ని, దొంగకి మర్యాదలు చేసినట్టు.

ఏళ్ళ తరబడి సాగిన ఆ కథ చివరికొచ్చింది. సీమలోని రేవుకొత్తూరు అనే ఊరిని ఓడదొంగలు చుట్టుముట్టారు. ఇక దారి లేదనగా వీరన్న అమ్మవారి ఘటం నెత్తికెత్తుకుని సీమ దేవత కొలిమితల్లిని పిలిచాడు. తల్లి వచ్చింది. ఓడలు కాలి బూడిదయ్యాయి. కానీ పిలిచిన తల్లి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తినడానికి అడుగుతుంది. తొలిపొద్దుకి కోడి, మలిపొద్దుకి గొడ్డు, ఆ తర్వాత ఇల్లు, వీధి, పేట. వచ్చే ఆదివారం ముగింపు అని చెప్పి పంపించాను. ఆ ముగింపు కోసం కథ మొదలైన నాటి నుంచి ఒక్కో ముడీ వేసుకుంటూ వచ్చాను.

ఆ ఆదివారం మోహనకృష్ణ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఆ తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. "బోర్ కొడుతోంది రోజా. నీ కథకి ముగింపు లేదు."

మనం ముగ్గురమే ఆడేద్దామని నేనంటే నీలిమ ఒప్పుకోలేదు. "ఘటం ఎత్తింది మోహనన్న కదక్కా. ఆడు నేకుండా ఎలగ? వచ్చేక ఆడదాం" అంది. అలా ఆగిన ఆట ఆగే పోయింది.

పుస్తకం సంగతి నీలిమే ఫోను చేసి చెప్పింది, ఏడుపు గొంతుతో. కొలిమిసీమ, సంపూర్ణ సెట్టింగ్, రచన మోహనకృష్ణ. లోపల కృతజ్ఞతల పేజీలో మా పేర్లు కూడా లేవు, "నా పాత టేబుల్ మిత్రులకు" అని ఒక్క ముక్క ఉంది. నేనే ఫోను చేశాను. తిట్టడానికి చేశానుగానీ వాడి గొంతు వినగానే ఒక్క ప్రశ్నే వచ్చింది.

"ఏటి మోహన్ ఇది?" అన్నాను.

"కోప్పడకు రోజా. ఆలోచనలు గాల్లో ఉంటాయి, ఎవరివీ కావు. కూర్చుని రాసినవాడిదే పుస్తకం. నువ్వు రాశావా?" అన్నాడు చల్లగా. తప్పు చేసిన వణుకు లేదు, పిల్లకి పాఠం చెబుతున్నట్టు చెప్పాడు.

కామరాజు ఆ సాయంత్రమే బండి తీశాడు. "రెండు తగిలిద్దాం మోహన్ బావని. ఎక్కువొద్దు, రెండే" అన్నాడు. నీలిమ లాయరు పేరు ఎత్తింది. లాయరుకి ఏం చూపించాలి? నా గొంతు ఉన్న రికార్డులన్నీ వాడి ఫోనులోనే ఉన్నాయి. ఇద్దరినీ ఆగమన్నాను. నాది రెండు దెబ్బలతో తీరే కసి కాదు. నా లోకంలో నలుగురి ముందు వాడు దారి తప్పి నన్నే దారి అడగాలి. అది జరిగేవరకు నాకు నిద్ర లేదనుకున్నాను.

పుస్తకం తెప్పించుకుని, పరవాడ వెళ్ళే మా ఫార్మా కంపెనీ బస్సులో చదివాను. నేను ల్యాబులో కెమిస్టుని. ఎవరో కలిపిన మందులో ఏది తక్కువైందో వెతకడమే నా ఉద్యోగం. ఆ కళ్ళతోనే చదివాను. ఒక్క మాట వదల్లేదు మహానుభావుడు. నేను దగ్గు వచ్చి ఆగిన చోట కూడా పేరా మార్చాడు. కుంపటికొండ, మరుగుజ్జుల సైరన్, నీలిమ చేపల పేట, అన్నీ ఉన్నాయి. చదువుతున్నకొద్దీ ఎవరో నా ఇంట్లో నా మంచం మీద పడుకుని నాకే అతిథి మర్యాదలు చేస్తున్నట్టు మండిపోయింది.

కొలిమితల్లి అధ్యాయం దగ్గరకొచ్చాక మంట ఆగింది. ఘటం ఎలా ఎత్తాలో రాశాడు. తల్లి ఎలా వస్తుందో, ఏం తింటుందో, పొద్దు పొద్దుకీ ఆకలి ఎలా పెరుగుతుందో రాశాడు. ఆ తర్వాత ఆవిడ గుడిలో కొలువై ఊరిని కాపాడుతూ ఉంటుందని సొంతంగా ఒక వాక్యం చేర్చి అధ్యాయం ముగించాడు. బయటి దేశాల సెట్టింగుల్లో దేవుళ్ళు అలాగే ఉంటారు మరి, పిలిస్తే వచ్చి పీఠమెక్కి కూర్చుంటారు.

మా వైపు అమ్మవారి సంబరం చేసిన ఏ ఊరైనా అమ్మని పిలిచి అలా వదిలేస్తుందా? పిలిచాక అనుపు చేయాలి. మేళతాళాలతో పొలిమేర దాటించి సాగనంపితేనే సంబరం అయినట్టు. ఆనందపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో చిన్న పిల్లలకి కూడా అది తెలుసు. మోహనకృష్ణకి తెలీదు. నేను చెప్పలేదు కాబట్టి తెలీదు. చెప్పవలసిన ఆదివారం అతను రాలేదు కాబట్టి నేను చెప్పలేదు. బస్సులో పైకే నవ్వాను. పక్క సీటావిడ ఏమైందమ్మా అంది. కడుపు నిండిందండీ అన్నాను.

పుస్తకావిష్కరణ బీచ్ రోడ్డు వెనక ఒక కాఫీ షాపులో పెట్టారు. సాయంత్రం, వచ్చినవాళ్ళందరి ముందు, రచయితగారే గేమ్ మాస్టర్‌గా ఒక ఆట ఆడిస్తారని ప్రకటన. కామరాజు మా ముగ్గురి పేర్లూ ఇచ్చేశాడు. మమ్మల్ని చూసి మోహనకృష్ణ ముందు కొంచెం తడబడ్డాడు, వెంటనే సర్దుకుని మైకులో "మా పాత టేబుల్ వాళ్ళు నన్ను దీవించడానికి వచ్చారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బల్ల దగ్గర నాలుగో మనిషి జ్యోతిర్మయి, మా వైపు పిల్లే. ఆటల గురించి వీడియోలు చేస్తుంది, ఆమె మాటకి ఈ ఆటగాళ్ళలో విలువుంది. పుస్తకం అంతా చదివి, పేజీలకి రంగు చీటీలు అంటించుకుని వచ్చింది. చుట్టూ జనం నిలబడ్డారు.

అదే రేవుకొత్తూరు, అవే ఓడదొంగలు. నేను పోలమ్మ అనే ముసలమ్మ పాత్ర తీసుకున్నాను. నా వంతు రాగానే "ఘటం ఎత్తుతన్నాను. కొలిమితల్లిని పిలుత్తన్నాను" అన్నాను.

మోహనకృష్ణ మొహం వెలిగిపోయింది. పుస్తకంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం అదే కదా. డైస్ వేశాను, పద్దెనిమిది పడింది. తల్లి రావడం ఎంత బాగా చెప్పాడనుకున్నారు! ఆ మాటలన్నీ నావే. ఓడలు తగలబడుతుంటే జనం ఈలలు వేశారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"తెల్లవారింది" అన్నాడు. "తల్లి కోళ్ళన్నీ తిన్నది."

ఇంకోసారి తెల్లవారింది, గొడ్లు పోయాయి. ఇంకోసారి, కమ్మరివీధి పోయింది. నవ్వులు తగ్గాయి. ఆట ముగించి పుస్తకాలు అమ్ముకుందామని అతను చూస్తున్నాడు. "తల్లి ఇక గుడిలో కొలువైంది, ఊరు సుఖంగా..." అని మొదలుపెట్టాడు.

"ఆగండి" అంది జ్యోతిర్మయి. "గుడిలో ఉన్నా ఊళ్ళో ఉన్నట్టే కదా. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తింటుందని మీరే రాశారు. అనుపు చెయ్యాలి."

"అనుపు అంటే?" అన్నాడు మోహనకృష్ణ.

వెనక నిలబడ్డ ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. "సంబరం సేసి అనుపు సెయ్యరేటి బాబూ? అమ్మని పిలిసి ఒగ్గేత్తారా?" అన్నాడు. సగం జనం నవ్వారు. మోహనకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తెలివైనవాడు, దొరికిపోలేదు. "సరే, మంచి ఆలోచన. అనుపు చేస్తారు. తల్లిని కుంపటికొండకి పంపిస్తారు" అన్నాడు.

ఈ మాట కోసమే కామరాజుని పుస్తకం చదివి రమ్మన్నాను. "కొండ రానివ్వదు బావా. ఆవిడకి అన్న అవుద్ది కొండ. సెల్లి గడప తొక్కితే బద్దలైపోతానని ఒట్టేసుకున్నాడు. నువ్వే రాసేవు."

జ్యోతిర్మయి చీటీ పెట్టిన పేజీ తిప్పి అవునంది.

"అయితే సముద్రంలోకి."

"సముద్రం మరిగిపోద్ది అన్నా" అంది నీలిమ. ఆమెకి ఇది ఆట కాదు. "తల్లి కాలు పడితే సేపలన్నీ సచ్చి తేల్తాయని నా పేట గురించి రాసిన కాడుంది."

"పెద్ద కొలిమిలోకే తిరిగి పంపిస్తాం. అక్కడి నుంచే కదా వచ్చింది."

"అక్కడి నుంచి పారిపోయొచ్చింది" అన్నాను నేను. "మరుగుజ్జులు ఆవిడని గొలుసులేసి కట్టేరు. మళ్ళీ అందులో పెడితే సీమంతా పేలిపోద్ది. మొదటి అధ్యాయం, మోహన్. నువ్వే రాసేవు."

ఇవన్నీ అతను లోకానికి రంగులనుకున్నాడు. కొండకో కథ, సముద్రానికో కథ, అందంగా ఉన్నాయని ఎత్తి రాసుకున్నాడు. ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చానని, ఒకే ఒక్క తలుపు వదిలానని అతనికెలా తెలుస్తుంది? పేజీలు తిరగేస్తున్నాడు. తన పేరున్న పుస్తకంలో తనే వెతుక్కుంటున్నాడు. అడవి అన్నాడు, జ్యోతిర్మయి అడవి సంగతి చదివి వినిపించింది. పక్క రాజ్యం అన్నాడు, ఆ పేజీ కూడా ఆమె చదివింది. ఆమె చదవడం ఆపి అతని మొహం చూడటం మొదలుపెట్టింది.

"మీ లోకం కదా సార్" అంది నెమ్మదిగా. "మీకు తెలీదా?"

ఏసీ ఉన్న గదిలో అతనికి చెమట పట్టింది. చివరికి కొలిమిసీమలో ఒకడికి నిజంగా చెమట పట్టించాను. పుస్తకం మూశాడు. నా వైపు చూశాడు. మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయాడు.

"రోజా, ఆవిణ్ణి ఎక్కడికి పంపాలి?"

గది మొత్తం విన్నది. జ్యోతిర్మయి ముందు అతన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది, తర్వాత అట్ట మీద పేరు చూసింది. ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. నా గుండెల మీంచి పెద్ద బండ ఎవరో దించినట్టయింది. ఇలా ఉంటుందా పగ తీరడం అనుకున్నాను. చెప్పొద్దూ, చాలా బాగుంటుంది.

"నాను రాయనేదు కదా మోహన్" అన్నాను. "రాసినోడిదే పుస్తకం. రాసినోడే సెప్పాలి. తెల్లారింది. తల్లి ఏటి తింటాదో సెప్పు."

చెప్పాడు. ఇంకేం చేస్తాడు, నియమం అతనే అచ్చు వేయించాడు. వడ్రంగి వీధి పోయింది. రేవు పోయింది. యూనియన్ హాలు పోయింది. మాట మాటకీ గొంతు సన్నగిల్లింది. నీలిమ చేపల పేట వంతు వచ్చింది.

"అక్కా" అంది నీలిమ, నా చెయ్యి పట్టుకుని. "నా ఇల్లక్కా అది. ఆపించు. నీకు తెలుసు కదా, సెప్పీ."

ఇది నేను లెక్కలో పెట్టుకోలేదు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే పేట బతుకుతుంది. కానీ చెప్పిన మరుక్షణం ఆ మాట రెండో ముద్రణలో అతని పేరు కింద ఉంటుంది. నీలిమ చేతిని గట్టిగా పట్టుకున్నాను, నోరు మాత్రం తెరవలేదు. పేట పోయింది. ఆమె చెయ్యి లాగేసుకుంది. నేనే కట్టిన లోకాన్ని నేనే చివరి పూరి గుడిసె దాకా తినిపించాను. అంతా అయిపోయాక మైకు ఆఫ్ చేసిన చప్పుడు వినిపించింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మకానికి పెట్టిన పుస్తకాల దొంతర దొంతరలాగే ఉంది.

మెట్ల మీద మా వెనకే పరిగెత్తుకొచ్చాడు మోహనకృష్ణ. "రోజా, నీ పేరు వేస్తాను. అట్ట మీదే వేస్తాను, ముందు నీదే. ఆ ముగింపు చెప్పు. అది లేకపోతే నా పుస్తకం ఎందుకూ పనికిరాదు" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే. నాకు జాలి కలగలేదు. సగం చెబుదామనిపించింది, సగమే ఎక్కువ కోస్తుంది కాబట్టి.

"ఘటం ఎత్తినోడే అమ్మని మొయ్యాలి. ఇంకెవులూ మొయ్యలేరు" అన్నాను. "మన ఆటలో ఎత్తింది ఎవులు?"

"వీరన్న" అన్నాడు. కాసేపటికి "నేను" అన్నాడు.

"నువ్వే. మొదటి ఆదివారం కొండకి ఒట్టెట్టింది, సముద్రాన్ని మరగబెట్టింది, అన్ని తలుపులూ మూసింది నీ కోసరం. ఆ ఆఖరి ఆదివారం నాను నీ కోసరం కట్టేను మోహన్. ఎవులూ నేని ఈరన్న కోసరం."

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

తలుపు ఎక్కడుందో అతనికి చెప్పలేదు. మీరు అతనికి చెప్పరు కాబట్టి మీకు చెబుతాను. అన్ని చోట్ల నుంచీ గెంటేసిన ఆ తల్లికి వెళ్ళడానికి పుట్టిల్లు లేదు. పిలిచినవాడే పొలిమేర బయట పాక వేసి, మా ఇంటికి రా చెల్లీ అనాలి. ఆ మాటతో ఆవిడ ఆకలి తీరుతుంది. వీరన్న ఇంక ఊళ్ళోకి రాడు, కానీ ఏటా సంబరానికి ఊరంతా మొదటి పసుపు నీళ్ళు అతని పాక గడపకే పోస్తుంది. ఎవరూ లేనివాడికి ఒక చెల్లెలూ, ఒక ఊరూ. అది చెప్పినప్పుడు మోహనకృష్ణ మొహం ఎలా ఉంటుందో చూడాలని ఏళ్ళ తరబడి ఆశపడ్డాను.

కింద కామరాజు బండి స్టార్ట్ చేశాడు. నీలిమ నా వైపు చూడకుండా వెనక సీటెక్కి వెళ్ళిపోయింది. నేను ఆటో పిలిచాను.

"రోజా, ఎక్కడికి మొయ్యాలి? అదొక్కటి చెప్పు" అని వెనక నుంచి అరిచాడు.

ఆటో ఎక్కి కూర్చుని, అతను వినేలా చెప్పాను.

"ఆదివారం రావలసింది."